విరిగిన హాకీ బ్లేడు మార్చాలంటే ముందు షాఫ్టు మూతి చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. రెండు ముక్కల స్టిక్కు, కార్బన్ షాఫ్టు, పాత బ్లేడు మడమ దగ్గర విరిగింది. ప్యాకెట్టు మీద సీనియర్ అని చూసి కొత్త బ్లేడు తెప్పించారు. తీరా చూస్తే దాని కాడ షాఫ్టులోకి వేలి కణుపంత కూడా దిగడం లేదు. కాడను చెక్కి పట్టించవచ్చా, హెయిర్ డ్రయ్యర్ వేడి సరిపోతుందా, ఏ జిగురు వాడాలి అని అడిగారు. అన్నిటికీ చెబుతాను. దానికంటే ముందు చేతిలో చాకు గానీ ఆకురాయి గానీ ఉంటే పక్కన పెట్టేయండి. ఆ బ్లేడును చెక్కవద్దు. చెక్కకుండా ఉంటే కనీసం మార్చుకోవడానికైనా పనికొస్తుంది.

ఈ ఆట కొత్తవాళ్ళ కోసం ఒక వివరణ. ఇదంతా ఐస్ హాకీ స్టిక్కు సంగతి. టర్ఫ్ మీద ఆడే హాకీ కర్రకు విడి బ్లేడు ఉండదు, పిడి నుంచి కింది వంపు దాకా ఒకటే ముక్క. ఐస్ హాకీలో చేత్తో పట్టుకునే పొడవాటి భాగం షాఫ్టు, కింద పక్‌ను తాకే చదునైన భాగం బ్లేడు. పక్ అంటే ఈ ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళ. బ్లేడు షాఫ్టును కలిసే మూలను మడమ అంటారు. రెండు ముక్కల స్టిక్కులో బ్లేడు పైభాగాన పలకలుగా ఉన్న ఒక కాడ ఉంటుంది. దాన్ని హోసెల్ అంటారు, కొందరు టెనన్ అనీ అంటారు. ఆ కాడ బోలుగా ఉన్న షాఫ్టులోకి దిగుతుంది, వేడి చేస్తే కరిగే జిగురు ఆ రెంటినీ పట్టి ఉంచుతుంది. మళ్ళీ వేడి చేస్తే జిగురు కరుగుతుంది, బ్లేడు ఊడి వస్తుంది. ఏర్పాటు అంతా ఇంతే.

నేను పదిహేనేళ్ళుగా ఒక క్లబ్బు జట్టు సామాను చూసుకుంటున్నాను. ఎన్ని బ్లేడులు మార్చానో లెక్క పెట్టుకోలేదు. ఒకటి మాత్రం గట్టిగా చెప్పగలను. బ్లేడు చెప్పు అట్ట లాంటిది, అరిగితే మార్చేస్తాం. కాపాడుకోవలసింది షాఫ్టును. బ్లేడు మార్చేటప్పుడు ఎక్కడ సందేహం వచ్చినా షాఫ్టుకు హాని లేని దారి ఏదో అదే పట్టుకోండి. కింద నేను చెప్పేవన్నీ ఆ లెక్కన చెప్పేవే.

ఇక మీ బ్లేడు ఎందుకు దిగడం లేదో చూద్దాం. షాఫ్టులు రెండు రకాలు. ఒకటి స్టాండర్డ్, పైనుంచి కింది దాకా ఒకే మందంలో ఉంటుంది. రెండోది టేపర్డ్, కిందికి వచ్చేసరికి సన్నబడుతుంది. అందుకే దాని మూతి చిన్నది. బ్లేడులు కూడా అలాగే రెండు రకాలుగా చేస్తారు. స్టాండర్డ్ బ్లేడు కాడ లావుగా ఉంటుంది, టేపర్డ్ బ్లేడు కాడ సన్నగా ఉంటుంది. సీనియర్, ఇంటర్మీడియట్, జూనియర్ అనేవి వీటితో సంబంధం లేని ఇంకో వరస. మీరు సీనియర్ అన్నది చూశారు, స్టాండర్డా టేపర్డా అన్నది చూడలేదు. మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి మీ షాఫ్టు టేపర్డ్, తెప్పించిన బ్లేడు స్టాండర్డ్. ఈ పొరపాటు నేను చూసినంతగా మరొకటి చూడలేదు.

నిర్ధారణ చేసుకోవడం తేలిక. షాఫ్టును కంటికి ఎదురుగా పెట్టుకుని పైనుంచి కిందికి చూడండి. కింది పిడికెడు, రెండు పిడికెళ్ళ భాగంలో అంచులు దగ్గరపడుతున్నట్టు కనిపిస్తే టేపర్డ్. కంటికి తెలియకపోతే వెర్నియర్ కాలిపర్‌తో షాఫ్టు మధ్యలో ఒకసారి, మూతి దగ్గర ఒకసారి మందం కొలవండి. రెండు కొలతలూ ఒకటే అయితే స్టాండర్డ్. విరిగిన పాత బ్లేడు కాడ చేతికొస్తే అంతకంటే మంచి కొలబద్ద లేదు. దాని వెడల్పు, మందం రాసి పెట్టుకుని కొత్తది కొనేటప్పుడు పోల్చుకోండి. ఇంటర్మీడియట్ షాఫ్టుల దగ్గర మరీ జాగ్రత్త. పేరును నమ్మి కొనకండి, మూతి లోపలి కొలత తీసుకున్నాకే కొనండి. జూనియర్ కాడ సీనియర్ షాఫ్టులో వదులుగా ఊగుతుంది, సీనియర్ కాడ జూనియర్ షాఫ్టులో దిగదు.

చెక్కితే ఏమవుతుంది అన్నారు కదా. గట్టిగా షాట్ కొట్టినప్పుడు బ్లేడు మీద పడే బలమంతా ఆ కాడ గుండానే షాఫ్టుకు చేరుతుంది. కాంపొజిట్ కాడలో, అంటే కార్బన్ లాంటి పోగుల్ని రెజిన్‌తో కలిపి చేసిన కాడలో, ఆ బలాన్ని మోసేవి పైపొరల్లోని నార పోగులు. మీరు చెక్కేది సరిగ్గా ఆ పొరలనే. లోపల మిగిలేదానికి అంత బలం ఉండదు. చెక్క కాడ అయినా స్టాండర్డుకూ టేపర్డుకూ మధ్య ఉన్న తేడా గరుకు కాగితంతో రుద్ది పోగొట్టేంత చిన్నది కాదు. ఒకవేళ ఎలాగో పట్టించినా నాలుగు పలకలూ సమానంగా రావు. ఒక మూల బిగుతుగా, ఒక మూల వదులుగా కూర్చుంటుంది. బిగుతుగా ఉన్న మూల షాఫ్టు మూతిని లోపలి నుంచి చీలుస్తుంది. బ్లేడుతో పోవలసిన నష్టం షాఫ్టు దాకా వస్తుంది.

కొందరు ఇంకో సలహా ఇస్తారు: షాఫ్టు కింది భాగం కాస్త కోసేయండి, మూతి పెద్దదవుతుంది అని. టేపర్డ్ షాఫ్టు విషయంలో ఇది చాలా ప్రమాదకరమైన సలహా. కొద్దిగా కోస్తే మూతి టేపర్డ్ కాడకు వదులైపోతుంది, స్టాండర్డ్ కాడకు ఇంకా ఇరుకుగానే ఉంటుంది. ఏ బ్లేడూ పట్టదు. స్టాండర్డ్ బ్లేడు పట్టాలంటే సన్నబడడం ఎక్కడ మొదలైందో అక్కడిదాకా కోయాలి, అంటే చాలా పొడవు పోతుంది. మీ షాఫ్టు బాగుందంటున్నారు కాబట్టి కోయకండి. టేపర్డ్ బ్లేడు తెప్పించుకోండి.

అదే వన్ పీస్ స్టిక్కు బ్లేడు విరిగితే మాత్రం ఈ కోత పనికొస్తుంది. 2000 ప్రాంతం నుంచి కాంపొజిట్ వన్ పీస్ స్టిక్కులు వాడుకలోకి వచ్చాక చాలామంది బ్లేడు విరగ్గానే స్టిక్కు మొత్తం పారేస్తున్నారు. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. షాఫ్టు బాగుంటే సన్నబడే భాగానికి పైన కోసి, లోపలి కొలత సరిపోతే స్టాండర్డ్ బ్లేడు ఎక్కించవచ్చు. కోసే ముందు కోయబోయే చోట మాస్కింగ్ టేపు రెండు మూడు చుట్లు గట్టిగా చుట్టండి, పోగులు లేవకుండా ఉంటాయి. సన్న పళ్ళ హాక్సాతో నిటారుగా, నెమ్మదిగా కోయండి. కార్బన్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, దాని ముళ్ళు చర్మంలో దిగితే తీయడం కష్టం. మాస్కు, కళ్ళద్దాలు, గ్లౌజులు తప్పనిసరి. కోశాక మూతి లోపల నురుగు లాంటి ఫోమ్ కనిపిస్తే కాడ దిగేంత మేర తీసేయాలి. గోడలు మరీ మందంగా ఉండి కాడ దిగకపోతే ఆ షాఫ్టును అక్కడితో వదిలేయండి. గోడల్ని లోపల అరగదీసే పని పెట్టుకోకండి.

ఇప్పుడు ఏ బ్లేడు కొనాలో చెబుతాను. మీరు ఎక్కడ ఆడతారో రాయలేదు. మంచు మీద అయితే చెక్క బ్లేడు, కాంపొజిట్ బ్లేడు రెండూ పనికొస్తాయి. చెక్క బ్లేడు బరువు, కాని పక్ తగిలినప్పుడు చేతికి తెలిసే స్పర్శ చాలామందికి ఇష్టం. పేరుమోసిన ఆటగాడు వేన్ గ్రెట్జ్కీ లాస్ ఏంజెలెస్ కింగ్స్‌కు ఆడిన రోజుల్లో వాడింది అల్యూమినియం షాఫ్టులో దిగేసిన చెక్క బ్లేడే. చెక్కకు ఉన్న బలహీనత నీరు. టేపు కిందినుంచి తడి చేరి కొన్నాళ్ళకు మెత్తబడుతుంది. కాంపొజిట్ తేలిక, ఆకారం మారదు, కాని అంచు చిట్లిందంటే లోపలి ఫోమ్‌లోకి నీళ్ళు పోయి ఆ తర్వాత త్వరగా పోతుంది. తారు రోడ్డు మీదా సిమెంటు గచ్చు మీదా ఆడేవాళ్ళు ఈ రెండూ వద్దనుకుని ఏబీఎస్ ప్లాస్టిక్ బ్లేడు తీసుకోవడం మంచిది. గరుకు నేల కాంపొజిట్ బ్లేడు అడుగును ఆకురాయిలా తినేస్తుంది.

ఒక బరువు సంగతి. తేలికపాటి కార్బన్ షాఫ్టుకు బరువైన చెక్క బ్లేడు వేస్తే స్టిక్కు ముందుకు వాలినట్టు అనిపిస్తుంది. కొన్ని రోజులకు అలవాటవుతుంది, కాని మొదటిరోజు పాసులు అటూ ఇటూ పోతే బెంగ పడకండి.

ఎడమా కుడియా అన్నది కొనే ముందు ఒకసారి చేత్తో పట్టుకుని చూసుకోండి. స్టిక్కు పట్టినప్పుడు కింద ఉండే చేయి ఎడమదైతే మీది ఎడమ బ్లేడు. రాసే చేతితో దీనికి సంబంధం లేదు. కుడి చేత్తో రాసేవాళ్ళు ఎందరో ఎడమవైపు ఆడతారు.

అందరూ తేలిగ్గా తీసుకునేది, నేను మాత్రం వంపు కంటే ఎక్కువ పట్టించుకునేది లై. బ్లేడు అడుగు నేలకు పూర్తిగా ఆనినప్పుడు షాఫ్టు ఎంత నిటారుగా నిలబడుతుందో చెప్పే అంకె అది. లై 5 అంటే షాఫ్టుకూ బ్లేడుకూ మధ్య కోణం 135 డిగ్రీలు. అంకె ఒకటి పెరిగితే కోణం 2 డిగ్రీలు తగ్గుతుంది, స్టిక్కు అంత నిటారుగా అవుతుంది. ఆటగాళ్ళ బ్లేడులు ఎక్కువగా 5, 6 దగ్గర తిరుగుతాయి. మీకు ఏది కావాలో మీ పాత బ్లేడే చెబుతుంది. దాని అడుగున టేపు ఎక్కడ అరిగిందో చూడండి. మడమ దగ్గరే అరిగి కొన శుభ్రంగా ఉంటే ఆడేటప్పుడు కొన గాలిలోకి లేస్తోందన్నమాట, లై ఎక్కువైంది, తక్కువ అంకె తీసుకోండి. కొన అరిగి మడమ శుభ్రంగా ఉంటే లై తక్కువైంది, అంకె పెంచండి. మధ్యలో సమంగా అరిగితే అదే అంకె. మీ బ్లేడు మడమ దగ్గరే విరిగిందన్నారు కాబట్టి అక్కడి అరుగుదల మరీ శ్రద్ధగా చూడండి. లై కుదరక దెబ్బలన్నీ ఒకే చోట పడి ఉండవచ్చు. ఒక కిటుకు: కొత్త టేపు వేసి, ఒక్క ప్రాక్టీసు ఆడి అప్పుడు చూస్తే మచ్చ స్పష్టంగా తెలుస్తుంది. కొత్త బ్లేడు వేశాక కూడా ఇలాగే ఒకసారి సరిచూసుకోండి. స్టిక్కు పొడవు మారితే లై అవసరం కూడా మారుతుంది. షాఫ్టు పొట్టిదైతే పక్ కాళ్ళకు దగ్గరవుతుంది, స్టిక్కు నిటారుగా నిలుస్తుంది, అంకె కాస్త పెరగాల్సి రావచ్చు.

వంపు విషయానికొస్తే, కంపెనీలు ఒక్కో వంపుకు ఒక్కో కోడ్ పెడతాయి, ఒకే ఆకారానికి రెండు పేర్లు కూడా ఉంటాయి. బావర్ వాళ్ళు పీ92 అనేదీ సీసీఎం వాళ్ళు పీ29 అనేదీ దాదాపు ఒకటే. మధ్యలో వంగి ముఖం కాస్త తెరుచుకుని ఉంటుంది, పక్ తేలిగ్గా లేస్తుంది. పీ88 ముఖం అంతకంటే కొంచెం మూసుకుని ఉంటుంది, వెనకచేతి పాసులకు అనుకూలం. పీ28 వంపు కొన దగ్గర ఉంటుంది. కొనతో పక్‌ను లాగి చటుక్కున కొట్టేవాళ్ళకు అది ప్రాణం, మిగతావాళ్ళకు తలనొప్పి. నా సలహా ఏమిటంటే, పాత వంపుతో ఆట బాగానే సాగుతుంటే అదే తీసుకోండి. విరిగిన రోజే వంపు కూడా మారిస్తే గురి తప్పినప్పుడు తప్పు బిగింపుదో వంపుదో తెలియదు.

వంపుకు హద్దు కూడా ఉంది. 1960ల మొదట్లో చికాగో ఆటగాడు స్టాన్ మికిటా బ్లేడు ప్రాక్టీసులో చిట్లి వంగిపోయింది, దాంతో కొడితే పక్ వింతగా దూసుకుపోయింది. ఆ తర్వాత ఆయనా సహచరుడు బాబీ హల్లూ కావాలనే బ్లేడులు వంచి ఆడారు, గోల్ కీపర్లు బెదిరిపోయారు, చివరికి వాళ్ళ లీగు, అంటే అమెరికా, కెనడా జట్లు ఆడే ఎన్‌హెచ్ఎల్, కొలత పెట్టింది. ఎన్‌హెచ్ఎల్‌లో చాలాకాలం అర అంగుళం ఉండేది, 2006-07 సీజన్ నుంచి ముప్పావు అంగుళం, అంటే సుమారు 19 మిల్లీమీటర్లు. 1993లో అదే లీగు ట్రోఫీ అయిన స్టాన్లీ కప్ ఫైనల్ రెండో మ్యాచ్‌లో లాస్ ఏంజెలెస్ 2-1తో గెలుస్తూ రెండు నిమిషాల లోపు ఆట మిగిలి ఉండగా మాంట్రియల్ కోచ్ జాక్ డెమర్స్ లాస్ ఏంజెలెస్ ఆటగాడు మార్టీ మెక్‌సోర్లీ స్టిక్కు కొలవమన్నాడు. వంపు హద్దు దాటింది, పెనాల్టీ పడింది. మాంట్రియల్ ఆటగాడు ఎరిక్ డెజార్డిన్స్ స్కోరు సమం చేశాడు, ఓవర్‌టైమ్‌లో గెలుపు గోలూ అతనే కొట్టాడు. ఆ సిరీసు 4-1తో మాంట్రియల్ గెలిచింది. మీరు నియమాలున్న లీగులో ఆడుతుంటే ఆ లీగు కొలత అడిగి తెలుసుకోండి. బ్లేడు మడమ నుంచి కొన దాకా తిన్నని స్కేలు ఆనించి, లోతైన చోట స్కేలుకూ బ్లేడుకూ మధ్య ఎడం కొలిస్తే అదే వంపు.

ఇక బిగింపు. కావలసినవి: హీట్ గన్, హాకీ బ్లేడులకోసం చేసిన హాట్ మెల్ట్ గ్లూ కడ్డీ, దళసరి తోలు గ్లౌజులు, పాత గుడ్డ, మొద్దు చాకు. చాలా కొత్త బ్లేడుల కాడకు జిగురు పూసే వస్తుంది, అప్పుడు కడ్డీ అవసరం పెద్దగా ఉండదు.

జిగురు విషయంలో ఇద్దరు ముగ్గురు మీకు ఎపాక్సీ చెప్పి ఉంటారు. అది గట్టిగానే పట్టుకుంటుంది, గొడవ కూడా అక్కడే. ఎపాక్సీ వేసిన బ్లేడు విరిగినప్పుడు కాడ ఊడి రాదు. దాన్ని తీయాలంటే కావలసినంత వేడికి షాఫ్టులోని రెజిన్ కూడా మెత్తబడుతుంది, ఎందుకంటే షాఫ్టును కట్టిపడేసిందీ ఆ జాతి పదార్థమే. బొమ్మలకూ అలంకారాలకూ వాడే మామూలు గ్లూ గన్ కడ్డీలు కూడా వద్దు. రింకు (మంచు మైదానం) చలిలో అవి పెళుసుబారి దెబ్బకు చిట్లుతాయి, ఎండలో నిలిపిన కారులో ఉంటే మెత్తబడి బ్లేడును వదిలేస్తాయి.

హెయిర్ డ్రయ్యర్ గురించి. సన్నగోడల షాఫ్టుకు, బాగా వేడినిచ్చే డ్రయ్యర్ అయితే చాలాసేపు పట్టుకుంటే పని జరగవచ్చు. సాధారణంగా జరగదు. సగం కరిగిన జిగురుతో బ్లేడును మెలిపెట్టి లాగుతారు, మూతి చీలుతుంది. హీట్ గన్ అరువు తెచ్చుకున్నా సరే, అదే వాడండి. మంట మాత్రం కార్బన్ దగ్గరకు రానివ్వకండి. అల్యూమినియం షాఫ్టుల రోజుల్లో టార్చి మంట మీద తిప్పి బ్లేడు లాగేవాళ్ళు, లోహం కాబట్టి ఓర్చుకుంది. ఆ అలవాటుతోనే నేను తొలిరోజుల్లో ఒక కుర్రాడి కార్బన్ షాఫ్టును టార్చితో వేడి చేశాను. పైకి రంగు కాస్త బుడగలెత్తింది, అంతే అనుకున్నాను. రెండో షాట్‌కే మూతి పొరలుపొరలుగా విచ్చుకుంది. ఆ షాఫ్టు వాడికి అన్న ఇచ్చి వెళ్ళినది. కొత్తది ఇప్పించాను కాని, ఆ రోజు వాడి ముఖం ఇప్పటికీ గుర్తుంది. అప్పటినుంచి వేడి దగ్గర తొందర పడలేదు.

హీట్ గన్‌ను తక్కువ సెట్టింగులో పెట్టండి. తక్కువలో కూడా దాని నోటి దగ్గర గాలి కొన్ని వందల డిగ్రీలు ఉంటుంది. అందుకని జానెడు దూరంలో పట్టుకుని షాఫ్టును తిప్పుతూ ఉండండి, కాడ దిగిన భాగం మేరకే వేడి తగలాలి. నాలుగు పలకలకూ సమంగా తగలాలి, ఒక్కచోట నిలపకూడదు. పదిహేను ఇరవై సెకన్లకోసారి ఆపి బ్లేడును మెల్లగా లాగి చూడండి. షాఫ్టు తాకితే చేయి వెనక్కి తీసుకునేంత వేడి అయితే మీరు గమ్యానికి దగ్గరలో ఉన్నారు. రంగు మారినా, పెయింటు వాసన వచ్చినా, పొగ కనిపించినా వెంటనే ఆపి చల్లారనివ్వండి. జిగురు కరిగితే బ్లేడు నేరుగా లాగగానే వస్తుంది. మెలిపెట్టకండి, పక్కలకు ఊపకండి. నిమిషం తర్వాత మొదటి కదలిక వస్తుంది, ఇంకాస్త వేడి ఇస్తే జారి వస్తుంది.

మీ బ్లేడు మడమ దగ్గర విరిగింది కాబట్టి పట్టుకోవడానికి బయట ఏమీ మిగలకపోవచ్చు. కాడ చెక్కదైతే దాని మధ్యలో పొడవాటి మర ఒకటి సగం దాకా బిగించి, వేడి చేసి, మర తలను పటకారుతో పట్టి నేరుగా లాగండి. మర పక్కకు పోయి షాఫ్టు గోడను పొడవకుండా చూసుకోండి. కాంపొజిట్ కాడ అయితే ముందు సన్న రంధ్రం వేసి తర్వాత మర బిగించాలి. ఈ పని చేయి తిరిగినవాళ్ళ పక్కన కూర్చుని చేస్తే మంచిది.

పాతది వచ్చాక మూతి వెచ్చగా ఉండగానే మిగిలిన జిగురును మొద్దు చాకుతో గీకి గుడ్డతో తుడిచేయండి. గోడలు గీసుకుపోకూడదు. అద్దంలా శుభ్రం కానక్కర్లేదు, గడ్డలు లేకపోతే చాలు. ఇప్పుడు వెలుగులో మూతిని పరీక్షించండి. అంచున వెంట్రుకంత చీలిక ఉందా, వేలితో నొక్కితే పొర కదులుతోందా, గోరుతో తట్టితే ఒకచోట బోలు శబ్దం వస్తోందా చూడండి. వీటిలో ఏదున్నా దాని మీద కొత్త బ్లేడు పెట్టి లాభం లేదు.

తర్వాత జిగురు లేకుండా కాడను దించి చూడండి. కొత్త బ్లేడు మీద జిగురు గట్టిగా పూసి ఉంటే కొంచెం అడ్డం వస్తుంది, అది కరిగితే సర్దుకుంటుంది. చూడవలసింది భుజం. కాడ ముగిసి బ్లేడు మొదలయ్యే మెట్టు షాఫ్టు అంచుకు పూర్తిగా ఆనాలి. మధ్యలో సందు మిగిలితే షాట్ బలమంతా ఆ సందు దగ్గర మూతి పెదవి మీద పడి చీలుస్తుంది. చెక్క కాడ ఒక్క వెంట్రుక వాసి బిగుతుగా ఉంటే నాలుగువైపులా సమంగా సన్న గరుకు కాగితంతో రుద్దవచ్చు, అంతకుమించి వద్దు. వదులుగా ఉంటే ఫైబర్‌గ్లాస్ జాలీ టేపు ఒక చుట్టు చుట్టి దాని మీద జిగురు కరిగించండి. హాకీ గుడ్డ టేపు చుట్టేవాళ్ళున్నారు, వేడికి దాని బంక జారుతుంది, నాకు నచ్చదు. రెండు చుట్లు చుట్టాల్సి వచ్చిందంటే ఆ బ్లేడు మీ షాఫ్టుది కాదు.

బిగించే రోజు షాఫ్టు మూతినీ కాడనూ రెండింటినీ వేడి చేయండి. చల్లని మూతిలో వేడి కాడ పెడితే జిగురు సగం దారిలోనే గడ్డకడుతుంది, బ్లేడు సందు వదిలి ఆగిపోతుంది. కాడ మీద జిగురు మెరుస్తూ పాకడం మొదలైనప్పుడు నేరుగా దించి, భుజం ఆనేదాకా బలంగా తోసి పట్టుకోండి. అవసరమైతే బ్లేడు అడుగును చెక్క ముక్కకు ఆనించి షాఫ్టును కిందికి నొక్కండి. సుత్తితో కొట్టకండి. మూతి చుట్టూ సన్నగా జిగురు ఉబికి వస్తే సరిపోయిందన్నమాట. మరీ ఎక్కువ పూస్తే లోపలికి కారి అడుగున బరువు పెరుగుతుంది.

ఇక్కడే చాలామంది చేయి తీసేస్తారు. తీయకండి. షాఫ్టు పై మూత బిగుతుగా ఉంటే లోపలి గాలి వేడికి వ్యాకోచించి మెత్తటి జిగురులోంచి బ్లేడును మెల్లగా బయటికి నెడుతుంది. మీరు పక్కన పెట్టి నీళ్ళు తాగి వచ్చేసరికి చిన్న సందు కనిపిస్తుంది. రెండు నిమిషాలు నొక్కి పట్టుకోండి, లేదా బిగింపుకు ముందే పై మూత తీసేయండి. ఆ రెండు నిమిషాల్లోనే బ్లేడు నిటారుగా ఉందో లేదో చూసుకోండి. షాఫ్టు వెంబడి పైనుంచి కంటితో చూస్తే మడమ దగ్గర బ్లేడు షాఫ్టుతో ఒకే వరసలో ఉండాలి. మూతిలో కాస్త వదులు ఉన్నప్పుడు బ్లేడు ఒక పక్కకు తిరిగి కూర్చుంటుంది, అప్పుడు ముఖం తెరుచుకున్నట్టో మూసుకున్నట్టో అయి మీరు కొన్న వంపు వేరేదిగా మారిపోతుంది.

చల్లారడానికి నీళ్ళలో ముంచవద్దు. పక్కన ఆనించి కనీసం పావుగంట వదిలేయండి. నేనైతే రాత్రి బిగించి మరుసటి రోజే వాడనిస్తాను. చల్లారాక ఉబికిన జిగురు తీసేసి, బ్లేడును నేల మీద ఆనించి షాఫ్టును మెల్లగా వంచి వదలండి. మూతి దగ్గర కదలిక ఉండకూడదు, చిటుక్కుమనకూడదు.

కొత్త బ్లేడు వల్ల స్టిక్కు మొత్తం పొడవు మారవచ్చు, ముఖ్యంగా కోసి బిగించినవాళ్ళకు. పొడవు తగ్గితే పైన చెక్క ముక్క దిగేసి పెంచుకోవచ్చు. ఫ్లెక్స్ అంకె అంటే షాఫ్టును ఒక అంగుళం వంచడానికి కావలసిన పౌండ్ల బలం, అదీ కోయకముందు పొడవులో. కోస్తే షాఫ్టు బిరుసెక్కుతుంది, పైన ముక్క పెట్టినంత మాత్రాన ఆ బిరుసు పూర్తిగా పోదు. ఎన్‌హెచ్ఎల్ కొలతలో మడమ నుంచి షాఫ్టు చివరిదాకా 63 అంగుళాలు మించకూడదు, బ్లేడు మడమ నుంచి కొనకు 12.5 అంగుళాలు మించకూడదు. మామూలుగా ఎవరూ అంత దూరం పోరు.

టేపు చుట్టేటప్పుడు అతుకు మీద కప్పేయకండి. అది కనిపిస్తూ ఉంటేనే మొదటి నాలుగైదు ప్రాక్టీసుల్లో గమనించగలరు. ఆట మధ్యలో షాట్ కొట్టినప్పుడు చేతికి చిన్న టిక్కుమన్న కదలిక తెలిస్తే, లేదా అతుకు దగ్గర సన్న గీత తెరుచుకుంటే, ఆ ఆటకు వేరే స్టిక్కు తీసుకోండి. ఇంటికి వచ్చి మళ్ళీ వేడి చేసి, తోసి, రెండు నిమిషాలు పట్టుకుంటే చాలాసార్లు అంతటితో సర్దుకుంటుంది. తెప్పించిన స్టాండర్డ్ బ్లేడు కాడకు జిగురు కరగకముందే వెనక్కి పంపేయండి. టేపర్డ్ బ్లేడు వచ్చాక జిగురు లేకుండా దించి చూసి, భుజం దగ్గర సందు ఎంత ఉందో కొలిచి ఇక్కడ రాయండి. బిగించే ముందు చూసి చెబుతాను.